ఆఫీసు సర్వర్‌కి ఇంటి పాత కంప్యూటర్లు కలపాలి, డొమైన్ ఆప్షన్ నొక్కనివ్వట్లేదు

కాకినాడ_లెక్కలు | సోమవారం, రాత్రి 9:12

అందరికీ నమస్కారం. నేను కాకినాడలో ఒక ట్యాక్స్ కన్సల్టెంట్ గారి దగ్గర పని చేస్తాను. అకౌంట్స్ మనిషినే, కానీ ఆఫీసులో కంప్యూటర్ ఆన్ కాకపోతే అందరూ నన్నే పిలుస్తారు, అలా ఈ పని నా నెత్తిన పడింది. మా దగ్గర విండోస్ సర్వర్ 2019 ఒకటి ఉంది. డొమైన్ (ఆఫీసు కంప్యూటర్లన్నీ సర్వర్ అదుపులో ఉండే ఏర్పాటు) పెట్టి ఇచ్చిన కుర్రాడు ఉద్యోగం వచ్చి ఊరు మారిపోయాడు, పాస్‌వర్డ్‌లు మాత్రం డైరీలో రాసి వెళ్ళాడు, పుణ్యాత్ముడు. ఐదు సిస్టమ్స్ ఆ డొమైన్‌లో ఉన్నాయి, బాగానే నడుస్తున్నాయి.

ఇప్పుడు కొత్తగా ముగ్గురు చేరారు. సార్ కొత్తవి కొనకుండా వాళ్ళింట్లో మూల పడి ఉన్న మూడు కంప్యూటర్లు ఆటోలో వేసి పంపించేశారు. ఒకటి కోర్ ఐ3, 4 జీబీ ర్యామ్, విండోస్ 7 హోమ్ ప్రీమియం. రెండోది కోర్ 2 డ్యుయో, 2 జీబీ, విండోస్ 7 హోమ్ బేసిక్. మూడోది సార్ వాళ్ళబ్బాయి ఇంజినీరింగ్‌లో కొన్నది, పెంటియమ్ 4, 512 ఎంబీ, ఎక్స్‌పీ హోమ్.

మై కంప్యూటర్ ప్రాపర్టీస్‌లోకి వెళ్తే వర్క్‌గ్రూప్ మార్చనిస్తోంది గానీ డొమైన్ అన్న చోట మసకగా ఉంది, నొక్కితే పడట్లేదు. సర్వర్‌లోని క్లయింట్ ఫోల్డర్లు, ట్యాలీ లెక్కల సాఫ్ట్‌వేర్ డేటా ఈ మూడింట్లోనూ తెరుచుకోవాలి. 20వ తేదీ జీఎస్టీ 3బీ రిటర్న్ గడువు, మధ్యలో ఇదో టెన్షన్. దయచేసి చెప్పండి.

సీటీసీ_రాము | సోమవారం, రాత్రి 9:40

అన్నా, నువ్వేం తప్పు చేయలే. హోమ్ ఎడిషన్లు ఏవీ డొమైన్‌లో చేరవు. ఎక్స్‌పీ హోమ్ అయినా, 7 హోమ్ బేసిక్ అయినా, ప్రీమియం అయినా, ఇప్పుడొచ్చే 11 హోమ్ అయినా అంతే. ప్రొఫెషనల్ ఉండాలె. నేను సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్‌లో పన్నెండేళ్ళు కౌంటర్ మీద కూర్చున్న, ప్రతి నెలా ఎవరో ఒకరు ఈ ప్రశ్నే పట్టుకొచ్చేది. అమ్మేటప్పుడు ఎవరూ చెప్పరు, కొనేటోళ్ళు అడగరు.

తీగల_మాస్టారు | సోమవారం, రాత్రి 10:05

డొమైన్‌లో చేరడం వేరు, సర్వర్‌లో ఫోల్డర్ తెరవడం వేరు. ఈ రెండూ ఒకటే అనుకుని చాలామంది అక్కడే ఆగిపోతారు. డొమైన్‌లో చేరితే ఆ మిషన్ ఆఫీసు సొత్తు అయినట్టు, సర్వర్ పెట్టిన నియమాలన్నీ దానికి వర్తిస్తాయి. చేరకపోయినా చుట్టంలా వచ్చి తలుపు కొట్టి, పేరూ పాస్‌వర్డూ చెప్పి ఫోల్డర్ చూసుకోవచ్చు.

మీ విండోస్ 7 రెండింటికీ ఈ దారి సరిపోతుంది. సర్వర్‌లో ఆ ఇద్దరు స్టాఫ్‌కి యూజర్లు చేయండి. ఇక్కడ మ్యాప్ నెట్‌వర్క్ డ్రైవ్‌లోకి వెళ్ళి సర్వర్ పేరు, ఫోల్డర్ పేరు ఇచ్చి, వేరే యూజర్‌తో కనెక్ట్ అవ్వాలి అన్న చోట టిక్ పెట్టండి. పేరు అడిగినప్పుడు ముందు డొమైన్ పేరు, తర్వాత వెనక్కి వాలిన గీత, తర్వాత యూజర్ పేరు. ఆ డొమైన్ పేరు రాయకపోతే మాత్రం అది తన సొంత కంప్యూటర్ పేరునే జోడించుకుని వెళ్ళే అవకాశం ఉంది, పాస్‌వర్డ్ కరెక్టే కొట్టాను కదా అని మీరు జుట్టు పీక్కుంటారు.

ఎక్స్‌పీ సంగతి ఇప్పుడు కదపకండి. దాని లాన్ కేబుల్ పెట్టారా? పెట్టి ఉంటే తీసేయండి.

కాకినాడ_లెక్కలు | సోమవారం, రాత్రి 10:11

పెట్టానండి. తీసేస్తా. ఎందుకు?

అడ్మిన్_అక్క | సోమవారం, రాత్రి 10:38

ఎందుకో నేను చెప్తా తమ్ముడూ. ఎక్స్‌పీకి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్ట్ 2014 ఏప్రిల్ 8తో ఆపేసింది. ఫైల్ షేరింగ్‌కి అది మాట్లాడే భాష ఎస్ఎంబీ1 ఒక్కటే. విస్టా నుంచి ఎస్ఎంబీ2 వచ్చింది, నీ 7 మిషన్లు అది మాట్లాడతాయి. సర్వర్ 2019లో ఎస్ఎంబీ1 మామూలుగా ఇన్‌స్టాల్ అయి ఉండదు, కాబట్టి ఎక్స్‌పీ ఎంత మొత్తుకున్నా సర్వర్ పలకదు. నెట్‌లో వెతికితే సర్వర్‌లో ఎస్ఎంబీ1 ఆన్ చేసుకోండి, రెండు నిమిషాల పని అని సలహాలు దొరుకుతాయి. నిజంగానే రెండు నిమిషాలే పడుతుంది, కానీ చేయొద్దు.

2017 మే నెలలో ఫైళ్ళకి తాళం వేసి డబ్బు అడిగే వాన్నాక్రై వైరస్ వచ్చింది గుర్తుందా, ఆ ఎస్ఎంబీ1 లోపంలోంచే దూరింది. ఎవరూ ఏ లింకూ నొక్కక్కర్లేదు, నెట్‌వర్క్‌లో ఒకదానికి అంటుకుంటే పక్కదానికి తనే పాకేది. మన ఆంధ్రాలో పోలీసు స్టేషన్ల కంప్యూటర్లు కూడా కొన్ని దాని బారిన పడ్డాయి, అప్పట్లో పేపర్లన్నిట్లో వచ్చింది. ఆ లోపాన్ని పూడ్చే ప్యాచ్ రెండు నెలల ముందే, మార్చిలోనే వచ్చింది, వేసుకోనివాళ్ళే దొరికిపోయారు. ఇప్పుడు నువ్వు అరవై డెబ్భై మంది క్లయింట్ల పాన్‌లూ బ్యాంక్ స్టేట్‌మెంట్లూ ఉన్న సర్వర్ పక్కన అదే తలుపు తెరిచి పెడతానంటావా?

గోదారి_గట్టు | సోమవారం, రాత్రి 11:20

మరీ భయపెట్టేస్తున్నారండీ. మా కోళ్ళ దాణా షాపులో ఎక్స్‌పీ మిషన్ ఇప్పటికీ నడుస్తోంది, ఏమీ అవ్వలేదు.

అడ్మిన్_అక్క | సోమవారం, రాత్రి 11:26

నెట్ ఉందా దానికి?

గోదారి_గట్టు | సోమవారం, రాత్రి 11:31

లేదు. బిల్లు కొట్టడానికే.

అడ్మిన్_అక్క | సోమవారం, రాత్రి 11:32

నేను చెప్పేదీ అదే కదండీ.

కాకినాడ_లెక్కలు | మంగళవారం, మధ్యాహ్నం 1:50

మాస్టారూ, ఐ3 మిషన్‌లో డ్రైవ్ వచ్చింది, చాలా థాంక్స్. డొమైన్ పేరు ముందు పెట్టడమే కిటుకు. కోర్ 2 డ్యుయో ఆన్ చేస్తే మాత్రం కింద ఒక మెసేజ్, నెట్‌వర్క్‌లో ఇదే పేరుతో ఇంకొకటి ఉంది అని. ఐ3 ఆపేస్తే ఇది పని చేస్తుంది, రెండూ ఆన్‌లో ఉంటే ఇది ఒప్పుకోదు.

ఇంకో విషయం, నవ్వకండి. ఐ3 మిషన్ నెట్‌వర్క్‌లోకి రాగానే పక్క సిస్టమ్స్‌లో సార్ వాళ్ళమ్మాయి పెళ్ళి ఫోటోల ఫోల్డర్ కనబడింది. మా ఆఫీస్ బాయ్ అప్పగింతల దాకా చూసేశాడు.

సీటీసీ_రాము | మంగళవారం, మధ్యాహ్నం 2:15

ఆ రెండూ ఒకే షాపులో అసెంబుల్ అయినయి, రాసిస్తా. మేమూ అట్లనే చేసేది. ఒక మిషన్‌లో విండోస్, ఆఫీస్, తెలుగు ఫాంట్లు, పాటల ప్లేయర్ అన్నీ ఎక్కించి దాన్ని ఘోస్ట్ ఇమేజ్, అంటే డిస్క్ మొత్తానికి నకలు తీసి, వచ్చిన ప్రతి మిషన్‌లో అదే దించేది. పేరు కూడా అదే దిగుతది. ఇంట్లో ఒక్కటే ఉంటది కాబట్టి ఎవరికీ తెల్వదు, ఆఫీసుకి తెచ్చి రెండూ పక్కపక్కన పెడితే కొట్టుకుంటయి. పేరు మార్చి రీస్టార్ట్ కొట్టు. పదిహేను అక్షరాలు దాటనీకు.

ఒక మాట, ఘోస్ట్ కొట్టిన విండోస్ అంటే దాని కీ కూడా ఎవరిదో దేవుడికెరుక. జెన్యూన్ కాదని వస్తుందేమో చూడు.

తీగల_మాస్టారు | మంగళవారం, సాయంత్రం 4:02

పెళ్ళి ఫోటోల సంగతి నవ్వొచ్చేదే గానీ, అసలు మొదట చెప్పాల్సింది అదే, నేనే మర్చిపోయాను. ఇంటి కంప్యూటర్ ఆఫీసులో పెట్టే ముందు దాన్ని ఖాళీ చేయాలి. విండోస్ 7లో హోమ్‌గ్రూప్ అని ఒకటి ఉండేది, ఇంట్లో ఒక గదిలోంచి ఇంకో గదికి ఫోటోలు, పాటలు పంచుకోవడానికి. దానికోసమనో, మొదట్లో ఎప్పుడో అబ్బాయికి చూపించడానికనో ఫోల్డర్లు అందరికీ షేర్ చేసి పెట్టి ఉంటారు. ఇల్లు మారినా ఆ షేరింగ్ మారదు. ఫోటోలు, ఇంటి కాగితాలు ఒక ఎక్స్‌టర్నల్ డిస్క్‌లోకి తీసి సార్ చేతిలో పెట్టండి, తర్వాత ఫార్మాట్ చేసి మొదటి నుంచి వేయండి. ఇంట్లో పిల్లలు ఏయే ఆటలకి ఏయే క్రాక్‌లు దించారో మనకేం తెలుసు, ఆ మిషన్‌ని ఉన్నది ఉన్నట్టుగా నమ్మకూడదు.

కాకినాడ_లెక్కలు | మంగళవారం, సాయంత్రం 4:30

ఫార్మాట్ చేస్తే మళ్ళీ విండోస్ 7 ఏ సీడీలో తేవాలండీ, సార్ దగ్గర ఏ కాగితమూ లేదు. 20 దాకా ఎలాగోలా నడిపిస్తే తర్వాత చూద్దాం అంటున్నారు.

అడ్మిన్_అక్క | మంగళవారం, సాయంత్రం 5:10

అయితే 20 దాకా మాత్రమే, ఇలా చెయ్యి. ముందు రెండిట్లోనూ ఉన్న షేరింగ్ అంతా ఆపేయి, ఆఫ్‌లైన్ వైరస్ స్కాన్ ఒకటి పెట్టు. రౌటర్‌లో ఆ రెండు మిషన్లకి ఇంటర్నెట్ ఆపేయి, ఒక్కో లాన్ కార్డుకి ఉండే మ్యాక్ నంబర్ పెట్టి బ్లాక్ చేసే చోటు చాలా రౌటర్లలో ఉంటుంది. అవి సర్వర్‌లో ఒక్క ఫోల్డర్ మాత్రం చూడాలి, ఎక్సెల్ ఎంట్రీ మాత్రం చేయాలి. ఆ ఇద్దరి యూజర్లకి మిగతా క్లయింట్ ఫోల్డర్లు కనపడకూడదు, అందరికీ అన్నీ ఇచ్చేయకు. జీఎస్టీ పోర్టల్, మెయిల్ పని పాత ఐదింట్లోనే. ఎలాగూ విండోస్ 7లో క్రోమ్ 109 దగ్గరే ఆగిపోయింది.

రోజూ రాత్రి సర్వర్ బ్యాకప్ బయట డిస్క్‌లోకి తీసి, ఆ డిస్క్ పీకి బీరువాలో పెట్టు. పీకకుండా వదిలేస్తే అది బ్యాకప్ కాదు, ఇంకో డ్రైవ్ అంతే.

కాకినాడ_లెక్కలు | బుధవారం, మధ్యాహ్నం 12:20

కొంప మునిగింది. పొద్దున్నుంచి ఆఫీసు మొత్తానికి నెట్ లేదు, ఒకళ్ళకి వస్తోంది, ఇద్దరికి పోతోంది. కొంతమందికి సర్వర్ కనపడట్లేదు, లాగిన్ అవ్వడానికే ఐదు నిమిషాలు. సార్ నా వంక చూస్తున్నారు. నేను ఆ రెండూ తప్ప ఏదీ ముట్టుకోలేదు. వైరస్ అంటారా?

తీగల_మాస్టారు | బుధవారం, మధ్యాహ్నం 12:26

కంగారు పడకండి. నెట్ రాని మిషన్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ఐపీకాన్ఫిగ్ కొట్టండి. తర్వాత వస్తున్న మిషన్‌లో కూడా. రెండిట్లో డీఫాల్ట్ గేట్‌వే, అంటే బయటికి దారి ఇచ్చే రౌటర్ అడ్రస్, ఎంతుందో రాయండి.

కాకినాడ_లెక్కలు | బుధవారం, మధ్యాహ్నం 12:34

వస్తున్నదాంట్లో 192.168.1.1. రానిదాంట్లో 192.168.0.1. ఇంకొకదాంట్లో 169.254తో మొదలయ్యే అడ్రస్ ఉంది, గేట్‌వే ఖాళీ.

తీగల_మాస్టారు | బుధవారం, మధ్యాహ్నం 12:37

కంప్యూటర్లతో పాటు సార్ ఇంటి నుంచి వైఫై రౌటర్ ఏమైనా వచ్చిందా?

కాకినాడ_లెక్కలు | బుధవారం, మధ్యాహ్నం 12:41

వచ్చిందండి. గోడ మీద రెండు పాయింట్లే ఉన్నాయి, స్విచ్ లేదు, దానికి వెనక నాలుగు లాన్ పోర్టులు ఉన్నాయి కదా అని నిన్న సాయంత్రం అది పెట్టి దానికే రెండు సిస్టమ్స్ కలిపాను.

తీగల_మాస్టారు | బుధవారం, మధ్యాహ్నం 12:52

దొరికింది. ముందు దాని కరెంటు పీకేయండి, తర్వాత చదవండి.

ఆఫీసులో అడ్రస్‌లు పంచే పని మీ సర్వరో, మీ అసలు రౌటరో చేస్తోంది. ఇంటి రౌటర్ కూడా అదే పని చేయడానికే పుట్టింది, దానికి ఇది ఇల్లు కాదని తెలియదు. పొద్దున్నే సిస్టమ్ ఆన్ చేసినప్పుడు నాకో అడ్రస్ ఇవ్వండి అని అరుస్తుంది, ముందు ఎవరు పలికితే వాళ్ళిచ్చింది తీసుకుంటుంది. ఇంటి రౌటర్ ముందు పలికినవాళ్ళందరూ 192.168.0 వైపుకి కొట్టుకుపోయారు, అటు ఇంటర్నెట్ లైనూ లేదు సర్వరూ లేదు. లాగిన్ ఆలస్యం కూడా దీనివల్లే, డొమైన్ మిషన్లకి డీఎన్ఎస్‌గా (పేరు చెప్తే అడ్రస్ వెతికిచ్చేది) మీ సర్వర్ అడ్రసే ఉండాలి, ఇంటి రౌటర్ తన అడ్రస్ ఇచ్చేసి ఉంటుంది. 169.254 అంటే ఎవరూ పలకలేదని, దానంతట అదే పెట్టుకున్న అడ్రస్. ఆ కేబుల్ కూడా ఒకసారి గట్టిగా నొక్కి చూడండి.

ఇప్పుడు ఆ పెట్టెని స్విచ్‌లా వాడాలంటే, ఒక్క లాప్‌టాప్‌కి మాత్రం కలిపి దాని సెట్టింగ్స్‌లోకి వెళ్ళి డీహెచ్‌సీపీ, అంటే ఆ అడ్రస్‌లు పంచే పని, ఆపండి, దాని సొంత అడ్రస్ 192.168.1లో ఎవరూ వాడని నంబర్‌కి మార్చండి, వైఫై ఆపేయండి. గోడ నుంచి వచ్చే కేబుల్ నాలుగు లాన్ పోర్టుల్లో ఒకదానికే పెట్టండి, వ్యాన్ అని రాసిన వేరే రంగు పోర్టుకి కాదు. నన్నడిగితే ఈ తిప్పలన్నీ మాని ఐదు పోర్టుల మామూలు స్విచ్ ఒకటి కొనుక్కోండి, దానికి సెట్టింగులే ఉండవు, పాడు చేయడానికి కూడా ఏమీ ఉండదు.

మిగతా సిస్టమ్స్ అన్నీ ఒకసారి రీస్టార్ట్ చేయించండి.

కాకినాడ_లెక్కలు | బుధవారం, మధ్యాహ్నం 1:30

వచ్చేసింది మాస్టారూ! మొత్తం వచ్చేసింది. మెయిన్ రోడ్డులో షాపు నుంచి స్విచ్ తెప్పించాను, బిల్లు సార్‌కి చూపించలేదు ఇంకా. మీ కాళ్ళకి దండం.

సీటీసీ_రాము | బుధవారం, మధ్యాహ్నం 1:44

స్విచ్ నేలమీద పెట్టకు అన్నా, ఊడ్చేటామె వైరు లాగేస్తది, మళ్ళీ రేపు ఇక్కడికే వస్తవ్.

తుని_సూరి | బుధవారం, రాత్రి 8:15

మధ్యలో వస్తున్నందుకు ఏమీ అనుకోకండి. నాదీ ఇలాంటిదే, కానీ నా పాత లాప్‌టాప్ ఇంట్లోనే ఉంచి తుని నుంచి అనకాపల్లి ఆఫీసు సిస్టమ్ తెరవాలి. రౌటర్‌లో 3389 పోర్ట్ తెరిస్తే చాలు, రిమోట్ డెస్క్‌టాప్ వచ్చేస్తుంది అని మా వాడు అన్నాడు.

అడ్మిన్_అక్క | బుధవారం, రాత్రి 8:40

వచ్చేస్తుంది, మీకే కాదు, అందరికీ. ఆ పోర్ట్ కోసం ప్రపంచమంతా ఇరవై నాలుగు గంటలూ తలుపులు తడుముతూ ప్రోగ్రాములు తిరుగుతుంటాయి, పాస్‌వర్డ్ బలహీనంగా ఉంటే ఒక ఆదివారం పొద్దున్నకి ఫైళ్ళన్నీ తాళం వేసి ఉంటాయి. ఆఫీసు రౌటర్‌లో వీపీఎన్ (బయటివాళ్ళకి కనపడని రహస్య దారి) ఉంటే అది పెట్టించుకుని, దాని లోపలి నుంచి రిమోట్ డెస్క్‌టాప్ వాడండి. మీ లాప్‌టాప్ హోమ్ ఎడిషన్ అయినా పరవాలేదు, చూడటానికి పనికొస్తుంది. అటు ఆఫీసులో తెరుచుకునే మిషన్ మాత్రం ప్రో ఉండాలి. మిగతాది వేరే చర్చ పెట్టండి, ఇక్కడ కలిపేస్తే అబ్బాయి ఇంకా కంగారు పడతాడు.

గోదారి_గట్టు | గురువారం, ఉదయం 7:30

నాకో ఐడియా. పాత మూడింట్లోంచీ రిమోట్ డెస్క్‌టాప్‌తో నేరుగా సర్వర్ మీదకే వెళ్ళిపోతే? పని సర్వర్ చేస్తుంది, ఇవి టీవీల్లా ఉంటాయి.

అడ్మిన్_అక్క | గురువారం, ఉదయం 9:05

ఆలోచన మంచిదేనండి, పెద్ద ఆఫీసుల్లో అలా చేస్తారు కూడా. కానీ మామూలుగా సర్వర్‌లోకి ఒకేసారి ఇద్దరే వెళ్ళొచ్చు, అదీ సర్వర్ మరమ్మతు పనికి. స్టాఫ్ రోజూ అందులో కూర్చోవాలంటే మనిషికో లైసెన్స్ వేరే కొనాలి. వాళ్ళ సార్ స్విచ్ బిల్లే ఇంకా చూడలేదు.

కాకినాడ_లెక్కలు | గురువారం, రాత్రి 9:50

రెండు ప్రశ్నలు మిగిలాయి. ఐ3లో రోజూ పొద్దున్న డ్రైవ్ మీద ఎర్ర గుర్తు పడి పాస్‌వర్డ్ అడుగుతోంది, గుర్తుపెట్టుకో అని టిక్ పెట్టినా సరే. రెండోది, ట్యాలీ ప్రైమ్ దాంట్లో ఇన్‌స్టాలే అవ్వట్లేదు.

తీగల_మాస్టారు | గురువారం, రాత్రి 10:20

మొదటిది, పాస్‌వర్డ్ రోజుకి ఒకసారి కొట్టమనండి. పాస్‌వర్డ్‌ని ఒక బ్యాచ్ ఫైల్‌లో రాసి స్టార్టప్‌లో పడేస్తే పోతుంది అని ఎవరైనా చెప్తారు, అది పాస్‌వర్డ్‌ని మానిటర్ మీద చీటీ అంటించడం లాంటిదే.

రెండోది, ఆ విండోస్ 32 బిట్ అయి ఉంటుంది, ప్రాపర్టీస్‌లో చూడండి. ట్యాలీ ప్రైమ్‌కి 64 బిట్ కావాలి. దానికంటే ముందు మీ ట్యాలీ సిల్వరా గోల్డా చూశారా? సిల్వర్ ఒక్క మనిషికే, నెట్‌వర్క్‌లో నలుగురు ఒకేసారి వాడాలంటే గోల్డ్ ఉండాలి. ఇది చూడకుండా కేబుళ్ళు లాగినవాళ్ళని చాలామందిని చూశాను.

కాకినాడ_లెక్కలు | గురువారం, రాత్రి 10:31

గోల్డేనండి. 32 బిట్టే. సరే, ట్యాలీ పాత వాటిలోనే.

కాకినాడ_లెక్కలు | 22వ తేదీ, సాయంత్రం 6:40

చెప్పి వెళ్దామని వచ్చాను. 20 గడిచింది, 3బీలు అన్నీ వెళ్ళాయి. మీరు చెప్పినవన్నీ ఒక కాగితం మీద రాసి సార్ ముందు పెట్టాను. చివరికి ఐ3కి 240 జీబీ ఎస్ఎస్‌డీ, ఇంకో 4 జీబీ ర్యామ్ వేయించి విండోస్ బదులు ఉచితంగా దొరికే లినక్స్ మింట్ ఎక్కించాం. విండోస్ 10కి కూడా మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో అయిపోయింది, దానికి డబ్బు పెట్టడం ఎందుకు అని అక్క మెసేజ్‌లో చెప్పింది. మింట్ ఫైల్ మేనేజర్‌లోంచి సర్వర్ ఫోల్డర్ అడగ్గానే తెరుచుకుంది, డొమైన్ పేరు కూడా అదే విడిగా అడిగింది. కొత్తమ్మాయి ఎక్సెల్ బదులు లిబ్రే ఆఫీస్‌లో ఎంట్రీ చేస్తోంది, మొదటి రోజు మొహం చిట్లించింది, ఇప్పుడు అలవాటైంది. డిజిటల్ సంతకం టోకెన్ దాంట్లో పెట్టే సాహసం చేయలేదు, అది విండోస్ మిషన్‌లోనే.

కోర్ 2 డ్యుయో ఆన్ చేసిన ప్రతిసారీ తేదీ 2009కి వెళ్ళిపోయేది, ఏ వెబ్‌సైట్ తెరిచినా సర్టిఫికెట్ తప్పు అనేది. బోర్డు మీద గుండ్రటి బ్యాటరీ, సీఆర్ 2032, మార్చాక పోయింది. దానికీ మింట్ వేశాం గానీ చాలా నెమ్మది, అది స్కానింగ్‌కి వదిలేశాం. మూడో స్టాఫ్‌కి మాత్రం సార్ ఒకటి కొన్నారు, పెద్ద కంపెనీలు వాడి తీసేసినది, ఎనిమిదో జనరేషన్ ఐ5, విండోస్ 11 ప్రో. రెండు నిమిషాల్లో డొమైన్‌లో చేరిపోయింది. ఆ మసక ఆప్షన్ నొక్కుడు పడటం చూసి నాకే ఏదోలా అనిపించింది.

సీటీసీ_రాము | 22వ తేదీ, రాత్రి 7:10

సూపర్ అన్నా. ఎక్స్‌పీ ఏం చేసిన్రు?

కాకినాడ_లెక్కలు | 22వ తేదీ, రాత్రి 7:25

అదొక కథ. దానికి వెనక పాత ప్రింటర్ పోర్ట్ ఉంది, మా టీవీఎస్ డాట్ మ్యాట్రిక్స్ దానికి సరిగ్గా సరిపోయింది. కార్బన్ పెట్టి రసీదులు కొట్టడానికి అది బాగుందని సార్ వదలట్లేదు. లాన్ కేబుల్ లేదు, వైఫై లేదు, మాస్టారు అడగకముందే చెప్తున్నా.

తీగల_మాస్టారు | 22వ తేదీ, రాత్రి 8:00

పెన్‌డ్రైవ్?

కాకినాడ_లెక్కలు | 22వ తేదీ, రాత్రి 8:04

...ఆఫీస్ బాయ్ ఒకటి పెడుతున్నాడండి, రసీదు ఫైల్ తేవడానికి.

తీగల_మాస్టారు | 22వ తేదీ, రాత్రి 8:15

యూఎస్‌బీ నుంచి పాత ప్రింటర్ పోర్టుకి మార్చే కేబుల్ ఒకటి దొరుకుతుంది, అది తెచ్చి ఆ ప్రింటర్‌ని కొత్త ఐ5కి పెట్టండి. డ్రైవర్ వేసేటప్పుడు పోర్ట్ దగ్గర ఎల్‌పీటీ1 కాకుండా యూఎస్‌బీ001 ఎంచుకోవాలి, అక్కడే అందరూ తప్పుతారు. ఎక్స్‌పీ డిస్క్ తీసి సార్ చేతికి ఇచ్చేయండి, అందులో ఇంకేం ఫోటోలు ఉన్నాయో.

కాకినాడ_లెక్కలు | 24వ తేదీ, ఉదయం 11:05

కేబుల్ పని చేసింది మాస్టారూ, యూఎస్‌బీ001. డిస్క్ తెరిచి చూస్తే సార్ వాళ్ళబ్బాయి ఫైనల్ ఇయర్ ప్రాజెక్ట్ రిపోర్ట్ దొరికింది, అదే ఫైల్ పదకొండు కాపీలు, ఫైనల్, ఫైనల్ కొత్తది, ఒరిజినల్ ఫైనల్ అని. సార్ పెన్‌డ్రైవ్‌లో వేయమన్నారు. కొత్త పెన్‌డ్రైవే వాడాను.